ఫోటోలో పడని దగ్గు

అమీర్‌పేట,
12 డిసెంబరు 1999.

ప్రపంచ ప్రతినిధి కేదార్ గారికి,

ఎస్.ఆర్. నగర్ గదిలో నాలుగేళ్లు నీతో ఒకే కంచంలో తిన్న కాశిఫ్ సలాములు. ఇక్కడ నేను క్షేమం. జెనీవాలో నువ్వూ క్షేమమేనని పేపర్లో బొమ్మ చూసి తెలుసుకున్నాను. సూటు బాగుంది.

నేను ఫోటోలు తీసి, టైపు చేసిచ్చిన మన కంకర క్వారీ రిపోర్టు ప్రపంచం దృష్టిలో పడిందని రాశావు. పడింది. పోయిన వారం మీ సంస్థకు డబ్బిచ్చే విదేశీ దొరలు పంజాగుట్ట హోటల్లో దిగి, నీళ్ల సీసాలతో క్వారీకొచ్చారు. రిపోర్టు ఫోటోలో సుత్తి పట్టిన ఆ పాప ఎక్కడ, మిగతా పిల్లలెక్కడ అని ఒకటే ఆరా. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన నలభై మంది ఆడవాళ్లు ఎదురుగా దగ్గుతుంటే ఒక్కడూ తల తిప్పలేదు.

జనవరి ఒకటిన కంప్యూటర్లు ఆగిపోతాయేమోనని దేశదేశాల మంత్రులు సమావేశాలు పెడుతున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంకా రాని జబ్బుకు అంత హడావుడి! వచ్చి చంపుతున్న జబ్బుకు మాత్రం ముద్దొచ్చే మొహం కావాలి. పెద్ద దేశాలకు భయమైనా వేయాలి, జాలైనా కలగాలి. లేకపోతే ఎవరు చచ్చినా వాళ్లకు పట్టదు. సోమాజిగూడలో మీ ఆఫీసు ఏసీ కింద ఈ విద్య బాగానే నేర్చావు. పెద్దాళ్ల దగ్గు ఎవడు చూస్తాడ్రా, ఫోటోలో ఒక చిన్నపిల్ల ఉండాలి అన్నావు, గుర్తుందా?

దొరలు వెళ్లిన మర్నాడే యజమాని పిల్లలున్న ఇళ్ల ఆడవాళ్లందరినీ పనిలోంచి తీసేశాడు. ఇక క్వారీలో బాలకార్మికులు లేరు. మీ కాగితాల్లో అది విజయం. దుమ్ము మాత్రం ఎప్పట్లాగే లేస్తోంది.

నిన్న ఆ పాప నానమ్మ చంద్రమ్మ నా డీటీపీ షాపుకొచ్చింది. మెట్లెక్కలేక రెండుసార్లు కూర్చుంది. మా దగ్గు సంగతి రాయమంటే నా మనవరాలి మీద ఏం రాసిర్రు బిడ్డా, నన్ను పనిలకెల్లి ఎల్లగొట్టిండు అని అడిగింది. అంతా కేదార్ సారు చేసిండని చెప్పాను. నీ పేరు తలుచుకుంటేనే రోత పుడుతోంది. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

ఒకప్పటి నీ స్నేహితుడు,
కాశిఫ్

తా.క.: ఆ పాప ఏనాడూ రాళ్లు కొట్టలేదు. ఆ రోజు నానమ్మకు సద్ది తెచ్చింది. నువ్వడిగింది పిల్ల ఫోటో ఒక్కటే. సుత్తి తెచ్చి చేతికిచ్చింది నేను. ఎత్తలేక నవ్వుతుంటే, నవ్వొద్దని చెప్పిందీ నేనే. చంద్రమ్మ ఇది అడగలేదు. నేను చెప్పలేదు.