రెండోసారి ఓడిన ఆట

అమ్మాయీ,

అన్యాయం జరిగింది ఎవరికి? నీకు. ముందుగా, కంప్యూటర్ ఆపవద్దు. పోయిన ఆట పాత కాపీ నుంచి తిరిగి చేరుతోంది. పాలు కాచి మూత పెట్టాను.

మన చదరంగం ఆటల చిట్టాను శుభ్రం చేయడానికి అబ్బాయి మొన్న తెచ్చిన సాఫ్ట్‌వేర్, అచ్చుగుద్దినట్లున్న రెండు ఆటల్లో ఒకదాన్ని నకలనుకొని తీసివేసింది. అది నకలు కాదు. పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు, ఓడిన ఎత్తులే మరునాడూ వేసి మళ్లీ నీ చేతిలో ఓడాను.

“గెలుపుల్లో అత్తాకోడళ్లు సమానం! ఇక పోట్లాడుకోకండి” అని వాడు నవ్వాడు. “నాదే ఒకటి ఎక్కువనుకున్నానే! పోన్లెండి అత్తయ్యా, నేనే పొరబడ్డానేమో” అన్నావు నువ్వు. నిజం తెలిసీ నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నీ జ్ఞాపకాన్ని నువ్వే శంకించుకునేలా చేశాను. అది గెలుపు పోవడం కన్నా పెద్ద నష్టం.

కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను.

అత్తయ్య

మరచాను: ఓడినవారు తమ రాజును తామే పడుకోబెట్టాలని కాన్వెంటులో నేర్చుకున్నదాన్ని, ఆ రెండో ఆటలో కళ్లు మండుతున్నాయని లేచి వెళ్లిపోయాను. బల్ల మీద ఆ ఆటే తిరిగి పేర్చాను. చూడు, నా రాజు పడుకుని ఉన్నాడు. నీ బాకీ తీరింది.