ఒక గోడ, రెండు పొయ్యిలు, బిగించని తలుపు

జనగామ తాలూకా లింగాల ఘనపూర్‌లో కాపురముంటున్న వెంకట్రాం అనే నేను, అరవై ఒకటో ఏట, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, తాగించలేదు. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. నా భార్య సులోచన దీన్ని ఒప్పుకోదు గాని, ఈ విషయంలో ఆమెను అడగలేదు. మొన్న ఛాతీలో పట్టేసినట్టయితే దవాఖానకు పోయాను. గ్యాస్ అన్నారు. అయినా మనిషి జాగ్రత్తలో ఉండాలి.

1. రెండెకరాల చెలక, ఎడ్ల జత నా కొడుకు జైపాల్‌కు చెందవలెను. సైకిల్ కూడా వాడికే. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బస్సులు బందైనప్పుడు నేనూ నా తమ్ముడు భద్రయ్యా ఆ సైకిల్ మీదే జనగామ పోయి వచ్చాము. పోయేటప్పుడు ఎదురుగాలిలో నేను తొక్కాను, వచ్చేటప్పుడు వాడు తొక్కాడు. ఎదురుగాలి వచ్చేటప్పుడే ఉందని వాడు ఊరంతా చెప్తాడు. అది అబద్ధమని ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను.

2. ఇల్లు సులోచన బతికున్నన్నాళ్లు ఆమెది, ఆ తర్వాత జైపాల్‌ది. ఇంటితో పాటు దాని కథ కూడా వాళ్లకు దఖలు పడవలెను. డెబ్బై మూడులో సర్కారు పూచీ మీద పల్లెల్లో ఇండ్లకు అప్పులిచ్చారు. కుటుంబానికి ఒకటే అప్పు. తనిఖీకి వచ్చే ఆఫీసరు పొయ్యిలు లెక్కపెట్టేవాడు. ఎన్ని పొయ్యిలుంటే అన్ని కుటుంబాలు. మా అన్నదమ్ములది అప్పటిదాకా ఒకటే పొయ్యి. ఆయన వచ్చిన పూట మాత్రం వేరుపడ్డట్టు నటిద్దామని, భద్రయ్య భార్య కమలతో ఇంకో పొయ్యి పెట్టించాను. ఉపాయం నాదే. అప్పుడు అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

రెండు అప్పులు వచ్చాయి. ఒకే పునాది మీద రెండిండ్లు లేచాయి, నడుమ గోడ ఒకటే. పునాదికి ఒకసారి, గోడలకు ఒకసారి, కప్పుకు ఒకసారి తనిఖీ జరిగింది, మూడుసార్లు వేరుపడ్డాము. రెండుసార్లు మర్నాడే కలిసిపోయాము.

3. మూడోసారి ఏం జరిగిందో రాస్తున్నాను. ఈ అంశం సులోచనకు చదివి వినిపించరాదు. కడపటి తనిఖీ రోజు ఆఫీసరు రెండు పొయ్యిల దగ్గరా తిన్నాడు. సులోచన పప్పు సగం వదిలేశాడు. కమల పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. అంతటితో పోయేది. నేను కూడా లేచి కమల దగ్గరికి పోయి గిన్నె చాపాను. సులోచన చూసింది. మర్నాడు పొయ్యి కలపనన్నది. కమల నవ్విందని ఆమె, నవ్వలేదని భద్రయ్య, మాటకు మాట పెరిగి పదేండ్లు దాటింది. అప్పు తీరి రెండేండ్లయింది, ఇప్పుడు పొయ్యిలు లెక్కపెట్టేవాళ్లు కూడా ఎవరూ లేరు. మేము మాత్రం ఇంకా వేరుగానే ఉన్నాము. ఆ పప్పు నిజంగానే బాగుంది. తప్పు నాది.

ఆ ఆఫీసరు ఎక్కడైనా కనబడితే ఆ గొడవలో సొట్టపడ్డ మా ఇంటి గరిట ఆయనకు ఇవ్వవలెను.

4. రేడియో సులోచనది. కాని దాన్ని నడుమ గోడకున్న గూట్లోనే పెట్టవలెను, వార్తలప్పుడు గట్టిగా పెట్టవలెను. నాకు చెవుడు వచ్చిందని అందరూ అనుకుంటున్నారు. నాకు చెవుడు లేదు. భద్రయ్య ఇంట్లో రేడియో లేదు.

5. మా ఇండ్లు కట్టిన మేస్త్రీ యోసేపుకు ఈ పత్రంలో ఏమీ రాయడం లేదు. ఆస్తి అందుకునేవాడు సాక్షి సంతకం పెడితే వాడికి రాసింది చెల్లదని మా ఊరి లేఖరి చెప్పాడు. యోసేపు నాకు సాక్షిగా కావాలి. అందుకని ఆయనకు అనుకున్న గొంగడి నిన్ననే చేతికిచ్చేశాను. రెండో సాక్షి మా ఊరి మేకల జాల్యా.

6. నడుమ గోడలో తలుపు ఉండరాదని ఆఫీసరు అన్నాడు, ఉంటే అది ఒకటే ఇల్లట. తనిఖీలు అయ్యాక తెరుద్దామని యోసేపు తలుపంత సందు వదిలి, దాన్ని సిమెంటు లేకుండా ఉత్త మట్టితో పూడ్చాడు. అందుకు చేయించిన టేకు తలుపు, దాన్ని బిగించే దర్వాజా నా మంచం కింద గోనెపట్టాలో ఉన్నాయి. ఏటా నూనె రాస్తున్నాను. నేను పోయాక అవి నా తమ్ముడు భద్రయ్యకు చెందవలెను. వాడు ఆ మట్టి తవ్వి తలుపు బిగించవలెను. నా దినాల వంట ఒకటే పొయ్యి మీద కావలెను. పొలం, ఇల్లు ఎవరికి పోయినా నాకు బాధ లేదు. నాకు నా తమ్ముడు కావాలి.

సవరణ. పై ఆరో అంశం కొట్టివేయడమైనది. కారణం ఏమంటే, ఈ పొద్దున సాక్షులను పిలిస్తే జాల్యా మేకలు అమ్మడానికి సంతకు పోయాడు. యోసేపు నన్ను అడగకుండానే, గోడ అవతలి ఇంటికి పోయి భద్రయ్యను వెంటబెట్టుకొచ్చాడు. వాడు నా కళ్లద్దాలు పెట్టుకుని, నిలబడే పత్రమంతా పైకి చదివాడు. ఎదురుగాలి దగ్గర ఒకసారి, రేడియో దగ్గర రెండుసార్లు ఆగాడు. సంతకం పెడితే నీకు తలుపు రాదురా అని చెప్పాను.

“నువ్వు సచ్చినంక వచ్చే తలుపు నాకెందుకే అన్నా. జర గా పెన్నియ్యి,” అన్నాడు.

పెట్టాడు. యోసేపు గడ్డపార తేవడానికి పోయాడు. సులోచన మూడో అంశం వినేసింది, వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది. కమలను పప్పు వండమని ఆమే గోడ అవతలికి కేకేసింది. ఉప్పు మాత్రం తానే వేస్తుందట.

పైన రాసినదంతా, కొట్టివేసింది తప్ప, నా సమ్మతితో రాసింది.

తేదీ: 12-2-1984, ఆదివారం
సంతకం: వెంకట్రాం

సాక్షులు:
1. యోసేపు, మేస్త్రీ. నివాసం: లింగాల ఘనపూర్.
2. భద్రయ్య, రాసినవాడి తమ్ముడు. నివాసం: అదే ఇల్లు.