మూడు అంకె, అరగంట

సోమవారం

మేనకోడలికి ఆశీస్సులు.

అమ్మాయీ, ఫోనులో నాకు మాట పెగలదు, నీ మాట వినపడదు. అందుకని పడవలో వచ్చే టపా సంచిలో ఈ ఉత్తరం. మీ ఆఫీసులో నువ్వు కొత్త సర్వర్ పెట్టిన దగ్గర్నుంచి నా గదిలో తెర మీద పడవల టైములు రావడం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు వస్తున్నాయి. తెర మీద ఉన్నది ఉన్నట్టు బోర్డుకెక్కించడం నా పని. ఎక్కించాను. రెండు గంటలు పట్టింది. జనం బోర్డు చూస్తూ నిలబడ్డారు, పడవ వెళ్లిపోయింది.

ఇట్లు,
రేవులో బోర్డు రాసే మావయ్య

తా.క.: డాలరు గుర్తు ఇప్పుడు బాగా కుదిరింది.

మంగళవారం

మావయ్యకు నమస్కారాలు.

అది టైములు లెక్కకట్టడానికి నేను రాసిన స్క్రిప్టు మావయ్యా. బోర్డు మీద రాయకండి. సర్వర్ అంటే వడ్డించేవాడనుకోండి. స్క్రిప్టు చదివి వంట చేసేది మాడ్యూల్ అని ఇంకొకటి ఉంటుంది. ఆ వంటవాడు పనిలోకి దిగలేదు. దాంతో వడ్డించేవాడు, ఏం వండాలో రాసిన కాగితాన్నే పళ్లెంలో పెట్టేస్తున్నాడు. ఇక్కడ చూస్తే బాగానే ఉంది, మీ దగ్గరే రావడం లేదు. శుక్రవారానికి దారికి రాకపోతే పాత సర్వరే పెట్టేస్తానంటున్నాడు మేనేజరు. నా ఆర్నెల్ల కష్టం నీళ్లపాలు.

మీ మేనకోడలు

తా.క.: వంటవాడి సంగతి నేను చూసుకుంటాను.

బుధవారం

అమ్మాయికి దీవెనలు.

మూడు పడవలూ కాచాను. వంటవాడు దిగలేదు. గరిటెలాంటిది పట్టుకుని ఒకాయన దిగితే గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తెర చూపించాను. ఆయన తాపీ మేస్త్రి.

నువ్వు రాయొద్దన్నా, బోర్డు మీద రాసింది తుడవడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్లూ తెర వెనక ఎవరో కూర్చుని టైములు చెబుతున్నారనుకున్నాను. చెప్పేది ఈ రాతేనా? నీ చేతి రాతేనా? మొత్తం కాగితం మీదికి దింపి ఇందులో పెట్టాను. తెర నెత్తిన ఉన్న అడ్రసు కూడా.

ఇట్లు,
బోర్డు మావయ్య

తా.క.: అడ్రసు చివర ఒంటరిగా మూడు అంకె ఉంది. వదిలేయబోయి, పాపమని రాశాను.

గురువారం

మావయ్యకు వెయ్యి నమస్కారాలు.

ఆ మూడే దొంగ. మీ తెర ఇంకా పాత పేరుతోనే పేజీని అడుగుతోంది. పేరు చివర మూడు ఉన్న పేజీలూ నువ్వే వండాలని నేను మాడ్యూల్‌కు చెప్పనేలేదు. ఒక్క ముక్క రాశాను, వండేసింది. కొత్త సర్వర్ నిలిచింది. మీ కాగితం చూసి మేనేజరు, ఇది అచ్చా, చేత్తో రాసిందా అని రెండుసార్లు అడిగాడు.

మీ మేనకోడలు

తా.క.: స్క్రిప్టు మధ్యలో ఒక లైను మన అక్షరాల్లో ఉంటుంది. పదేళ్ల కిందట నేను రాసుకున్నది. మీరు చదవలేదు కదా?

శుక్రవారం

అమ్మాయికి ఆశీస్సులు.

టైములు వచ్చాయి. అంత రాతా పని చేసి, తను కనపడకుండా తప్పుకుంది.

లైను చదివాను. బోర్డు మీద రేవంతా చదివింది. "మావయ్య చెయ్యి నిదానం. ఆయనకు అసలుకంటే అరగంట ముందు టైము చూపించు."

ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నది అబద్ధం అమ్మాయీ. తెర చెప్పిన టైముకు ఏ పడవా వచ్చేది కాదు, ప్రతిదీ అరగంట ఆలస్యం. పడవల పరువు పోతుందని, ఎవరికీ చెప్పకుండా పదేళ్లుగా అరగంట కలిపి రాస్తున్నాను.

ఇట్లు,
చెయ్యి నిదానం మావయ్య

తా.క.: ఆ లైను తీయకు. ఈ చెయ్యి అరగంట కలపడం మానదు, తీశావంటే జనానికి పడవలు తప్పిపోతాయి.