ఎవరూ కొట్టకుండానే

తమ్మీ నర్సింలూ,

నువ్వు పోయిన రోజు ఇదే. ఈరోజు తాండూరు బడిలో, నేను పాఠం చెప్పే తరగతిలో, షాహీన్ ఎక్కం చదువుతూ "ఏడు నాల్గుల" అని ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషే అక్కడ లేదు. అచ్చం నీలాగే.

వరండాలోంచి చూసిన పెద్దసారు బరిగె ఎత్తి దూసుకొచ్చాడు. "గుడ్లప్పగించి చూస్తవా?" నేను అడ్డం పోయాను. దెబ్బ నా మణికట్టు మీద పడి చర్మం చిట్లింది. బరిగె లాక్కొని విరిచేశాను.

"ఇది మెదడుల వచ్చే మూర్ఛ సార్. గప్పుడు పిల్లకేం వినబడది. కొట్టినా కొట్టకున్నా దానంతటదే పోతదని ఈ పిల్లను చూసిన వికారాబాద్ డాక్టర్ చెప్పిండు."

"కొట్టకుంటె చదువెట్లొస్తది?" అని అరిచాడాయన.

నీకూ ఇలాగే వస్తే నాన్న నీ తలను గోడకేసి బాదాడు. మీ బడి సారు నీ వేళ్ళ మీద నెత్తురొచ్చేలా కొట్టాడు. నానమ్మ దయ్యమని కొడవలి కాల్చి నుదుటిన వాత పెట్టింది. దెబ్బ పడ్డాక నువ్వు కళ్ళార్పేవాడివి. దెబ్బే నిన్ను లేపిందనుకున్నారు, మళ్ళీసారి ఇంకా గట్టిగా కొట్టారు. చివరికి చదువు రాదని బండల గనిలో పనికి పెట్టారు. గని అంచున నిలబడ్డప్పుడు అది మళ్ళీ వచ్చింది. నీ తల పగిలిన బండను కడిగి, మర్నాడే లారీకెత్తారు.

మేమింకా అరుచుకుంటూనే ఉన్నాం. షాహీన్ కళ్ళార్పింది.

"ఇరవై ఎనిమిది" అంది.

ఎవ్వరూ కొట్టలేదు తమ్మీ.

అక్క