పొయ్యి పన్ను పాట

అమ్మా థామసిన్,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఊరి బడిలో నేర్చిన నాలుగు ముక్కలే గదా, ఏమీ అనుకోకు. ఈ కాగితాన్ని జైలరు భార్య జోన్ లండను బండివాడి చేత చాటుగా పంపుతానంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను జైల్లో ఉన్నాను. నువ్వు కట్టి, నీ అచ్చుకొట్టు నుంచి పంపిన పొయ్యి పన్ను పాటను సంతలో పాడి అమ్ముతుంటే పట్టుకున్నారు. పొయ్యికింతని పన్ను మనం కడుతుంటే మన పొయ్యి దగ్గర మంత్రి వీపు కాచుకుంటున్నాడన్న చరణం ఊళ్లో అందరి నోటా ఉంది. అచ్చు కాగితం మీద పాట కట్టినవాళ్ల పేరు లేదు. న్యాయాధికారికి ఆ పేరు కావాలి. నేను చెప్పలేదు.

అప్పుడాయన ఇంకో దారి చూపించాడు. మంత్రిని పొగుడుతూ తన గుమాస్తా కట్టిన జవాబు పాటను సంతలో పాడితే వదిలేస్తానన్నాడు. జనానికి తొందరగా పట్టుబడాలని దాన్నీ నీ పాట వరసలోనే కట్టించాడు. భయపడి ఒప్పుకున్నాను.

నిన్న సంతలో మొదటి ముక్క ఎత్తుకున్నానో లేదో, చేపలమ్మే మార్జరీ అరిచింది.

"ఏం తాతా, మాటలు మర్చిపోయావా? మేం అందిస్తాంలే."

ఇక సంతంతా నీ మాటలే అందుకుంది. నేను గుమాస్తా మాటలే పాడుతున్నాను గానీ నా గొంతు నాకే వినపడలేదు.

"ఇది నువ్వు చేయించిన పనేరా" అన్నాడు న్యాయాధికారి.

"వరస తమరిచ్చిందే, దొరగారూ" అన్నాను.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన మొహం మాడిపోయింది.

"ఇంత నోరున్నవాడివి, ఆ మొదటి పాటా నువ్వే కట్టుంటావు."

పాడటమే గానీ నలుగురిలో వాదించడం నాకు రాదని నీకు తెలుసు, ఆ ఒక్క మాటకే ఉన్న ధైర్యం అయిపోయింది. తలొంచుకున్నాను. ఒప్పుకున్నట్టే రాసుకున్నారు. వచ్చే సంత రోజున మెడా చేతులూ కొయ్యలో బిగించి నిలబెడతారట.

రాత్రి ఆలోచించాను. అలా రాసుకోవడమే మంచిది, ఇక వాళ్లు ఎవరినీ వెతకరు. భయం లేదంటే అబద్ధమే. ఇక్కడ నాలుగు గోడలు, గోడ అవతల పిల్లలు పాడే నీ పాట. చెవులు మూసుకున్నా వినపడుతోంది.

నీ సంగతి నాకు తెలుసు. పాట నాదేనని చెప్పడానికి పరుగున వస్తావు. వస్తే నన్ను వదలరు, నిన్నూ పట్టుకుంటారు. రావద్దు. రావడం లేదని రెండు ముక్కలు తొందరగా రాసి పంపు. సంత రోజుకి అది అందితే, కొయ్యలో ఉండి గుంపులో నీ మొహం కోసం వెతుక్కోకుండా నిలబడగలను.

నీ నాన్న,
ఆంబ్రోస్