మూడో పుస్తకంలో మీరు

ఓడ మీదున్న మీకు,

వెళ్లేముందు ఆ మాయారాజ్యం పుస్తకాలు ఏడూ చూపించి, "రచయిత రాసిన వరుసలోనే చదువు, అప్పుడే రుచి" అన్నారు. మీ చెల్లెలేమో, "అన్నయ్య మాట వినకు వదినా, తర్వాత రాసిందైనా సరే, రాజ్యం పుట్టిన కథతో మొదలుపెట్టు" అంటోంది. ఎటూ తేల్చుకోలేక నిన్న బీరువా తెరిస్తే, మూడోది లేదు. మీరు వెంట తీసుకెళ్లారని అప్పుడు తెలిసింది.

వెంటనే పాత పుస్తకాల కొట్టుకి వెళ్లి మూడోదే అడిగాను.

"మొదటి రెండూ చదవకుండా ఇదేం అర్థమవుతుందమ్మా?" అన్నాడు కొట్టాయన.

"మా ఆయన ఇందులోనే ఉన్నారండీ" అనేశాను. ఆయన పకపకా నవ్వాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిజంగానే ఏమీ అర్థం కావడం లేదు. రాజెవరో, ఆ ముసలి మంత్రగాడికి అంత కోపమెందుకో తెలియదు. అయినా వదలకుండా చదువుతున్నాను. పెళ్లయిన నెలలోపే ఓడెక్కారు, మీ గురించి నాకు తెలిసిందీ అంతంతమాత్రమే కదా!

మీరిప్పుడు ఎన్నో పేజీలో ఉన్నారో రాయండి. నేను ముందుకు వెళ్లిపోయి ఉంటే వెనక్కి వస్తాను.

మీ
ఇంటావిడ