పెళ్ళయ్యేదాకా ‘ఆయన’ని ఏమీ అనను

ఫిబ్రవరి 2, సోమవారం

పోయాడు! పోయాడు! పోయాడు!

చావలేదు. ఆట మానేశాడు. ట్రెంట్ కాల్డర్. బోస్టన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే ఆ కోడిగుడ్డు ఆకారం బంతి విసిరి ఆట నడిపించేవాడు. బంతి వాడి చేతిలోకి వెళ్ళిందంటే చాలు, మా బఫెలో ఊరు మొత్తం మొహం పక్కకి తిప్పుకునేది. ఆ వెధవ ఇవాళ పొద్దున సూటేసుకుని, మైకు ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ “ఇక చాలు” అన్నాడట. నీకిప్పుడు చాలిందా? మాకు ఇరవై ఏళ్ళ కిందటే చాలింది!

షెడ్డులో రేడియోలో విన్నాం. డెల్‌రాయ్ ముందు నమ్మలేదు. నాతోపాటు మున్సిపాలిటీ మంచుబండి, రోడ్ల మీది మంచు పక్కకి తోసే లారీ, నడిపే పెద్దాయన. రెండోసారి చెప్పాక లేచి, తన బండెక్కి, హారన్ మీద మోచెయ్యి ఆనించి ఇక తియ్యలేదు. మేమూ అందుకున్నాం. రోడ్డు మీద కార్లు అందుకున్నాయి. మేస్త్రీ బయటికొచ్చి “ఆపండర్రా!” అని అరిచి, తనూ ఓ బండెక్కి మోగించాడు.

నాకు నాలుగేళ్ళప్పుడు మొదలెట్టాడు మమ్మల్ని బాదడం. నాకు పాలపళ్ళు ఊడాయి, కొత్తవొచ్చాయి, చదువు మానేశాను, లారీ లైసెన్సు తీసుకున్నాను. వాడు బాదుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం హలీనా అక్క ఫోను.

“యాజా, నువ్వు ఒక్క మాట అనకూడదు.”

“దేని గురించి?”

“నాటకాలాడకు. డెక్లాన్ వంటింట్లో కూర్చుని ఏడుస్తున్నాడు. ఆ కాల్డర్ చొక్కా తొడుక్కుని మరీ.”

డెక్లాన్ అంటే అక్క చేసుకోబోయేవాడు. బోస్టన్ వాడు. ఇంత ఊళ్ళో అక్కకి ఇంకెవరూ దొరకలేదు. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం, పధ్నాలుగున పెళ్ళి.

అక్క పెట్టిన షరతులు: పెళ్ళయ్యేదాకా కాల్డర్ని తిట్టకూడదు. ‘వాడు’ అనకూడదు, ‘ఆయన’ అనాలి. నవ్వకూడదు. (“నీ నవ్వు కూడా తిట్టే.”) తప్పానో, పెళ్ళిలో తోడిపెళ్ళికూతురిగా తన పక్కన నిలబడేది నేను కాదు, బాబాయి కూతురు డొరోటా.

డొరోటా! పూలగుత్తి చేతికిస్తే తుమ్మే డొరోటా!

అమ్మా నాన్నా పోయాక నాకు జడలేసింది అక్క. నేను ఎవరి ముక్కో పగలగొడితే బడికెళ్ళి మాటలు పడింది అక్క. ఆమె పక్కన డొరోటా నిలబడటమేంటి? మాటిచ్చేశాను. రెండు వారాలైనా లేదు. ఏముంది ఇందులో? చిటికెలో పని!

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆయన. ఆయన. ఆయన. బండి తోలుతూ సాధన చేశాను.

“ఏంటి పిల్లా, గొణుగుతున్నావ్?” అన్నాడు డెల్‌రాయ్.

“కాల్డర్ గారు ఆట విరమించారు, విన్నారా?”

డెల్‌రాయ్ నా నుదుటి మీద చెయ్యేసి చూశాడు. “జ్వరం లేదే!”

బాగా కుదురుతోంది. నాలో ఇంత మర్యాద ఉందని నాకే తెలీదు.

బేకరీలో సమాధి రాయి ఆకారంలో కేకులు పెట్టారు. మీద ఏడో నెంబరు, కాల్డర్‌ది. వరస వీధి మలుపు దాకా ఉంది. ఒకటి కొన్నాను. తినడం వేరు, అనడం వేరు. షరతుల్లో కేకు ఊసే లేదు.

నెంబరు ఉన్న ముక్క ముందు తిన్నాను.

ఫిబ్రవరి 5, గురువారం

అక్క ఇంట్లో భోజనం. డెక్లాన్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“మీవాళ్ళకీ బాధగానే ఉండుంటుంది కదా యాజా. ఎంతైనా అంత గొప్ప ఆటగాడు.”

పియెరోగీ, మా పోలిష్ వాళ్ళ ఆలూ కజ్జికాయ, ఒకటి నోట్లో పెట్టుకున్నాను.

“అలాంటివాడు మళ్ళీ పుట్టడు.”

ఇంకొకటి.

“మీ మీద ఆడేటప్పుడైతే, ఆయన మొహంలో ఆ వెలుగే వేరు!”

రెండు కలిపి.

“నీళ్ళు తాగవే,” అంది అక్క, బల్ల కింద నా కాలు తొక్కుతూ.

గెలిచాననుకున్నాను. అప్పుడు చెప్పారు అసలు సంగతి. ఇద్దరూ బోస్టన్‌కి కాపురం వెళ్ళేది ముందు అనుకున్నట్టు జూన్‌లో కాదట. పెళ్ళి మర్నాడే. డెక్లాన్‌కి అక్కడ వడ్రంగి పని దొరికింది, సోమవారమే చేరాలట.

“నాకెప్పుడు చెబుదామనుకున్నావ్ అక్కా?”

“ఇప్పుడు చెబుతున్నాగా.”

“ఎంత, కార్లో ఏడు గంటలేగా!” అన్నాడు డెక్లాన్.

ఏడు గంటలే! ఇతనికి ఏడు అంకె తప్ప ఇంకోటి రాదా?

ఇరవై ఏళ్ళుగా మా కప్పులు పట్టుకుపోయారు. మా ఆదివారాలు పట్టుకుపోయారు. ఇప్పుడు మా అక్కని పట్టుకుపోతున్నారు.

బయటికొస్తే అతని కారు. అద్దం మీద పల్చగా మంచు. వేలితో రాశాను: వాడు.

రెండక్షరాలే. రాయడం వేరు, అనడం వేరు.

ఫిబ్రవరి 7, శనివారం

ఊరి పక్క సరస్సు మీంచి మంచుగాలి లేచింది. తెల్లారేసరికి ఊరు లేదు, తెలుపే ఉంది. అందరం బండ్లెక్కాం.

మంచుబండి గురించి జనానికి ఒక సంగతి తెలీదు. మంచు మాయమైపోదు. బ్లేడు ఎటు తిప్పితే అటు పోయి పడుతుంది. ఎక్కడో ఒకచోట పడాలి కదా.

అక్క వీధి నా దారిలోనే ఉంది. ఒక్కసారి తోస్తే చాలు. మూడుసార్లు తోశాను. ప్రజాసేవ.

డెక్లాన్ కారు, వెనక బోస్టన్ బిళ్ళ అంటించుకున్నది, మొదటిసారికి చక్రాల దాకా మునిగింది. రెండోసారికి అద్దాల దాకా. మూడోసారికి అది కారో కొండో చెప్పలేం.

నోరు మాత్రం విప్పలేదు. ఒక్క మాట కూడా అనలేదు. అక్క వచ్చి చూసుకోవచ్చు.

ఫిబ్రవరి 8, ఆదివారం

అయిపోయింది. అంతా అయిపోయింది. వరసగా రాస్తాను.

డెక్లాన్ పొద్దున్నించీ తవ్వాడట. ఒప్పుకోవాలి, బాగా తవ్వాడు. కారు చుట్టూ నలుచదరంగా, గోడ కట్టినట్టు. తర్వాత అక్కని పెళ్ళిగౌను సరిచూసుకోడానికి తీసుకెళ్ళాలి. బోస్టన్‌లో ఒక ఆచారం ఉందట. ఎవడు తవ్విన చోటు వాడిది. కారు తీసి వెళ్ళేటప్పుడు అక్కడ ఏదో ఒక సామాను పెట్టి పోతే చాలు, ఎవరూ ముట్టుకోరట. కుర్చీ పెడతారు, చీపురు పెడతారు, ఏదైనా. డెక్లాన్‌కి మంచులో పెట్టదగ్గ పాత కుర్చీ దొరకలేదు. నడవలో పొడుగాటి మడత బల్ల కనబడింది. తెచ్చి, కాళ్ళు విప్పి, వీధిలో నిలబెట్టి పోయాడు.

బఫెలోలో! మడత బల్ల! ఆరుబయట!

మా ఊళ్ళో మడత బల్ల ఆరుబయట కనబడితే ఎత్తు మీంచి దాని మీదికి దూకి రెండు ముక్కలు చెయ్యాలి. గెలిచినా దూకుతాం, ఓడినా దూకుతాం. ఎందుకని అడిగితే మేమూ చెప్పలేం. ఇతను ఇక్కడికొచ్చి రెండేళ్ళయింది, ఇంత చిన్న విషయం తెలీదు!

పని ముగించుకుని నేను వెళ్ళేసరికి వీధంతా బల్ల చుట్టూనే ఉంది.

“బోస్టన్ అబ్బాయి పెట్టాడు!” అని అరిచింది ఎదురింటావిడ. “ఓటమి ఒప్పుకుని పెట్టాడు!”

“ఎవరు దూకుతారు?”

“యాజా వచ్చింది! యాజా దూకుతుంది!”

“యాజా! యాజా!”

నేనేం చెయ్యను? మనిషినే కదా. నిన్న నేనే పోసిన మంచుగుట్ట ఎక్కాను. పైకెక్కాక లోపల ఏదో తెగింది. కాల్డర్ గాడిదా అన్నాను. వాడి చెయ్యి విరగ అన్నాను. వాడి సూటు తగలబడ అన్నాను. నాకు నాలుగేళ్ళప్పట్నించీ దాచుకున్నవన్నీ అన్నాను. ఏడు గంటలేగా అంటావురా అని కూడా అన్నాను, అది కాల్డర్ అన్నమాట కాదని జనానికి తెలీదు. దూకాను.

పెళ్ళుమంది. ఊరు ఊగిపోయింది. లేచి చేతులెత్తాను.

కిందికి చూశాను. బల్ల విరిగి అడుగుభాగం పైకి తిరిగింది. అడుగున రంగు పెన్సిళ్ళ బొమ్మలు.

అది అమ్మ బల్ల. అమ్మ పిండి వత్తిన బల్ల. నాన్న టీవీ మీద అరుస్తుంటే నేనూ అక్కా కింద దూరి, వెల్లకిలా పడుకుని, బొమ్మలు గీసుకున్న బల్ల. పెళ్ళికేకు దాని మీదే పెట్టాలని అక్క బాబాయి ఇంటినించి తెప్పించుకుందట. పైన మంచు పేరుకుంటే నేనెలా పోల్చుకోను?

తల ఎత్తితే డెక్లాన్ కారు. అద్దం దించి అక్క. ఎంతసేపట్నించి వింటోందో.

అరవలేదు. అరిచినా బాగుండేది.

“డొరోటాకి ఫోను చేస్తాను,” అంది.

ఫిబ్రవరి 9, సోమవారం

తప్పు నాది కాదు. బల్ల పెట్టింది డెక్లాన్. అరిచింది ఎదురింటావిడ. కురిసింది మంచు. ఆట మానేసింది కాల్డర్. ఇంకో నెలాగి మానేస్తే ఆయన సొమ్మేం పోయేది? చూశారా, ‘ఆయన’ అన్నాను. ఇప్పుడొచ్చింది నోట్లోకి.

అక్క ఫోను తియ్యడం లేదు. మిగిలిన సమాధి కేకు తిన్నాను. ఎండిపోయింది.

డెల్‌రాయ్‌కి చెప్పాను.

“ఎంత ఎత్తునించి దూకావ్?”

“గుట్ట మీంచి.”

“మధ్యకి విరిగిందా?”

“సరిగ్గా మధ్యకి.”

“శభాష్,” అన్నాడు. నా భుజం తట్టి, “ఇంక లే. పోయి చెక్కా మేకులూ కొనుక్కుని మీ అక్క గుమ్మం ముందు నిలబడు. నాకెందుకు చెబుతావ్?”

ఫిబ్రవరి 11, బుధవారం

చెక్కా మేకులూ పట్టుకెళ్ళాను. తలుపు డెక్లాన్ తీశాడు. అక్క పైన ఉందట. నన్ను నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు. బల్ల అప్పటికే బోర్లించి ఉంది, పక్కన రంపం, జిగురు.

“నేను పెట్టుండకూడదు,” అన్నాడు.

“నేను దూకుండకూడదు,” అన్నాను. అనక తప్పలేదు.

“ఒకటి అడుగుతా యాజా. మొన్న మంచు పక్క కార్ల మీద మోకాలెత్తే పడింది. నా ఒక్కదాని మీదే కొండలా పడింది. ఎలా?”

“సరస్సు గాలి.”

“గాలి,” అన్నాడు తలూపుతూ. చెక్క ఒక కొస నా చేతికిచ్చాడు. పట్టుకున్నాను.

విరిగిన ముక్కలు దగ్గరికి చేర్చేసరికి బొమ్మలు అతుక్కున్నాయి. మధ్యలో పెద్ద బొమ్మ. మనిషి. నెత్తిన కొమ్ములు. వెనక తోక, ఆవుతోక. చొక్కా మీద ఏడో నెంబరు. కింద వంకర అక్షరాలు: వీడు చావాలి.

డెక్లాన్ చాలాసేపు చూశాడు. “నువ్వు గీశావా?”

“నాకప్పటికి అక్షరాలు రావు. కింద సంతకం చూడు.”

చూశాడు. హలీనా. ఆ పక్కన ఒక పువ్వు కూడా.

“హలీనా!”

అక్క మెట్ల మీదనే ఉంది. దిగొచ్చింది. చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

“అప్పుడు నాకు పదకొండేళ్ళు.”

“కలిసిన రోజు నాతో ఏమన్నావ్? ఫుట్‌బాల్ అంటే ఏంటో కూడా తెలీదన్నావ్! బంతి గుండ్రంగా ఉంటుందా అని అడిగావ్!”

“మరి ఆ చొక్కా వేసుకొచ్చావ్ కదా, ఏమనమంటావ్?”

“రెండేళ్ళు! రెండేళ్ళు నా పక్కన కూర్చుని ఆట చూశావ్!”

“చూశాను. వాడు కొట్టినప్పుడల్లా పడగ్గదిలోకెళ్ళి దిండు కొరికాను.”

“వాడు అన్నావ్!” అని నేను ఎగిరాను. “అక్కా, వాడు అన్నావ్!”

“నువ్వు నోర్ముయ్!”

డెక్లాన్ మళ్ళీ బొమ్మ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. మళ్ళీ ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

“తోక భలే కుదిరింది,” అన్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అక్క నా టోపీ చెవుల మీదికి లాగింది, చిన్నప్పటిలా. “డొరోటాకి చెప్పేస్తాలే. శనివారం నువ్వే నిలబడు. నోరు మూసుకుని.”

ఫిబ్రవరి 14, శనివారం

నిలబడ్డాను. నోరు మూసుకునే. అక్క ఎలా ఉందో రాయను, రాస్తే కాగితం తడుస్తుంది.

కేకు అమ్మ బల్ల మీదే పెట్టారు. మావైపు వాళ్ళు దాని చుట్టూ ఆశగా తిరిగారు. ఒకడు కుర్చీ కూడా ఎక్కాడు. అక్క పెళ్ళిగౌను ఎత్తిపట్టుకుని వచ్చి వాడి చెవి పట్టుకుని దించింది.

డెక్లాన్ మేనమామ గ్లాసెత్తి, “కాల్డర్‌కి!” అన్నాడు. హాల్లో సగం లేచింది. మా సగం గడ్డకట్టింది. అక్క నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో కనిపిస్తూనే ఉంది.

లేచాను. “ఆయనకి,” అన్నాను.

గొంతులో అడ్డుపడుతుందనుకున్నాను. పడలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

తెల్లారి మళ్ళీ మంచు. డెక్లాన్ కారు మళ్ళీ మునిగింది. ఈసారి నేను కాదు, ఒట్టు! ఇద్దరం కలిసి తవ్వాం. సామాను ఎక్కించాం. అక్క లోపల కూర్చుని ముందు అద్దంలోంచి ఎటో చూస్తోంది.

కారు బయటికి తీశాక డెక్లాన్ దిగి, ఇంట్లోకెళ్ళి ఒక కుర్చీ తెచ్చాడు. ఖాళీ అయిన చోట మధ్యలో పెట్టాడు.

“ఈస్టర్‌కి వస్తాం. అందాకా ఈ చోటు మాది.”

“మా ఊళ్ళో అలాంటి రూలు లేదు.”

“కుర్చీ మీదికైతే దూకరు కదా?”

ఆలోచించాను. “కుర్చీ మీదికి దూకం.”

“మరి వెళ్ళొస్తాం యాజా.”

“అక్క జాగ్రత్త,” అన్నాను. ఇంకా ఏదో మిగిలిపోయినట్టు నిలబడ్డాడు. అన్నాను: “బావా.”

రెండక్షరాలే. దీనికి రెండేళ్ళు పట్టింది.

మధ్యాహ్నం డ్యూటీ. అక్క వీధిలోకి తిరిగాను. కుర్చీ దగ్గరికి రాగానే బ్లేడు ఎత్తి, పక్కకి తిప్పి, చుట్టూ తిరిగి వెళ్ళాను. షెడ్డులో కూర్చుని తెర మీద మా బండ్ల దారి చూస్తుండే మేస్త్రీ గొంతు రేడియోలో:

“యాజా, ఆ వీధిలో ఆ వంకరేంటి?”

“గుంట ఉందండీ.”

“గుంటా? నిన్న లేదే!”

“ఇవాళే పడింది.”

అందుకని, ఇవాళ్టినుంచి కొత్త నిర్ణయం. బోస్టన్‌కి కొత్త క్వార్టర్‌బ్యాక్ వస్తున్నాడట, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఈస్టర్ దాకా ఆయన్ని ఒక్క మాట అనను. ఆయన. ఆయన. ఆయన. ఈసారి సులువు. ఆయన మమ్మల్ని ఇంకా ఏమీ చెయ్యలేదు కదా.

ఇప్పుడే పేపర్లో ఫొటో చూశాను.

ఏం మొహంరా వాడిది!

రేపట్నించి మొదలు.